మెమరీ కార్డు పలుకనప్పుడు



చిన్న కంప్యూటరును స్వహస్తములతో కూర్చువారికి తఱచుగ ఎదురగు చిక్కు ఒకటి కలదు. కార్డు గూటిలోనే యుండును. తీగలన్నియు తగిలించియే యుండును. అయినను యంత్రము "కార్డు లేదు" అనియో, "చదువుటకు వీలు కాలేదు" అనియో తెలిపి ఊరకుండును. అట్టి సమయమున ఏమి చేయవలెను? ఏమి చేయరాదు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందు పుస్తకములవలన నేర్చినది కొంత, నష్టపడి నేర్చినది కొంత. నష్టపడి నేర్చినదానినే ముందుగ చెప్పెదము. ఏలయన ఆ తప్పు విద్యార్థులది కాదు, మాది.

బెల్లపు కొట్టులోని యంత్రము

మన అనకాపల్లి బెల్లమునకు పేరుగన్న పట్టణము. 1913వ సంవత్సరముననే ఇచట చెఱకు పరిశోధనకై కేంద్రము నెలకొల్పబడెను. మన విద్యార్థులలో పలువురి తండ్రులకు చెఱకుతోనో బెల్లముతోనో సంబంధము కలదు. బెల్లము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. వానకాలమున దిమ్మలు చెమ్మగిల్లి, మెత్తబడి, అడుగున పాకమువలె కారుట మీరు చూచియే యుందురు. అట్లు చెడిన దిమ్మకు ధర పడిపోవును.

రెండేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మమ్ము ఇట్లడిగెను: "మాస్టారూ, మా నాన్న ప్రొద్దున్నే కొట్టు తలుపులు తెఱచును. గాలి తగిలిన బెల్లమునకు మంచిదనును. మా తాత తలుపులు మూసి యుంచుమనును. ఎవరి మాట నిజము?"

కొలిచి చూచినగాని చెప్పలేమని మేము సమాధానమిచ్చితిమి. ఆ మాటనుండియే పని మొదలైనది. ఆ తరగతివారు ఒక చిన్న కంప్యూటరును కూర్చి, దానికి తేమను, వేడిని కొలుచు పరికరమును తగిలించి, ఆ బాలిక తండ్రిగారి కొట్టులో గోడకు అమర్చిరి. అది పది నిమిషముల కొకమాఱు కొలిచి, తేదీని, గంటను, తేమను, వేడిని ఒక వరుసగ మెమరీ కార్డుపై వ్రాయును. గంటకు 6 వరుసలు, దినమునకు 144.

ఆ కంప్యూటరు గుండెకాయ వంటిది రాస్ప్‌బెర్రీ పై పికో అను పలక. ఇది 2021 జనవరిలో వెలువడినది. 51 మిల్లీమీటర్ల పొడవు, 21 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే గలది. అనగా మన చూపుడువ్రేలి కంటె కొంచెము వెడల్పైనది. దానియందు 264 కిలోబైట్ల తాత్కాలిక జ్ఞాపకశక్తి కలదు. దానిపై నడచునది బేసిక్ భాష. ఈ భాషను 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు కెమెనీ, కర్ట్‌జ్ అను ఇద్దఱు ఆచార్యులు విద్యార్థుల సౌకర్యార్థము నిర్మించిరి. ఆస్ట్రేలియా దేశస్థుడగు జెఫ్ గ్రాహం 2011లో మాక్సిమైట్ అను చిన్న కంప్యూటరును రూపొందించి దానికి బేసిక్ నేర్పెను. ఆ బేసిక్ పిమ్మట పికోకును వచ్చి పికోమైట్ అను పేర వ్యాపించినది. వేడుకకై కంప్యూటరులు కూర్చువారు లోకమంతట దీనిని వాడుచున్నారు.

మేము చేసిన తప్పు

మొదటి యేడు జూన్ నెలలో యంత్రము నమర్చితిమి. నలువది దినములు చక్కగ నడచినది. నలువదియొకటవ నాటి రాత్రి గాలివానకు విద్యుత్తు పోయి, వచ్చి, మఱల పోయెను. మఱునాడు చూడగా కార్డు చదువబడుట లేదు.

మేము కార్డును పాఠశాలకు తెచ్చి పెద్ద కంప్యూటరులో నుంచితిమి. "ఈ కార్డును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయుమందురా?" అని అది యడిగెను. మేము ఆలోచింపక "చేయుము" అని నొక్కితిమి. క్షణములో కార్డు బాగయ్యెను. మేము సంతోషించి, దానిని తిరిగి యంత్రమున నుంచి క్రొత్త లెక్క వ్రాయించితిమి. అప్పుడా బాలిక, "మాస్టారూ, మన నలువది దినముల లెక్క యెక్కడ?" అని యడిగెను. 5,760 వరుసలు పోయినవి. మాయొద్ద జవాబు లేదు.

జరిగిన దేమనగా: కార్డును గ్రంథాలయముతో పోల్చుడు. బీరువాలలో పుస్తకములు కలవు; ఏ పుస్తక మెచట నున్నదో తెలుపు జాబితా వేఱుగ కలదు. మా యంత్రము ఫైలును మొదటి దినమున తెఱచి, ఒక్కమాఱైనను మూయక, నలువది దినములు వ్రాయుచునే యుండెను. ఫైలు మూసినప్పుడుగాని దాని పొడవు జాబితాలో సరిగా నెక్కదు. వ్రాయుచున్న క్షణముననే విద్యుత్తు ఆగినచో జాబితాయే చెడవచ్చును. అయినను పుస్తకములు బీరువాలలోనే యున్నవి. వానిని వెదకి తీయు సాధనములును కలవు. ఫార్మాట్ అనగా పాత జాబితాను చించి క్రొత్త జాబితాను పెట్టుట. ఆ పిమ్మట క్రొత్త పుస్తకములను పాతవాని స్థానముననే పెట్టితిమి. ఇక వెదకుటకు ఏమియు మిగులలేదు.

కావున మొదటి నియమము: చెడిన కార్డుపై అక్కఱగల లెక్క యున్నయెడల దానిపై ఏమియు వ్రాయరాదు. ముందుగ పెద్ద కంప్యూటరుతో కార్డుయొక్క పూర్తి నకలును తీసి, ఆ నకలుపైననే ప్రయత్నములు చేయవలెను. ఫార్మాట్ అనునది కడపటి మందు. మొదటి మందు కాదు.

కార్డుతో సంభాషణ

లోపమును వెదకుటకు ముందు, లోపము లేనప్పుడు పని యెట్లు జరుగునో తెలిసికొనవలెను. గడియారము నడచు తీరు తెలియనివాడు ఆగిన గడియారమును బాగుచేయలేడు గదా.

ఈ జాతి మెమరీ కార్డును 1999లో మత్సుషితా, శాన్‌డిస్క్, తోషిబా అను మూడు కంపెనీలు కలసి ప్రకటించినవి. మనము నేడు సెల్‌ఫోనులో వాడు చిన్న కార్డు 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందము గలది. అది వట్టి పెట్టె కాదు. దానియందు వ్రాతను నిలుపుకొను భాగముతోపాటు, ఆ వ్రాతను నడపు చిన్న గుమాస్తా వంటి భాగమును కలదు. మన యంత్రము ఆ గుమాస్తాతోనే మాటలాడవలెను.

ఆ సంభాషణకు నాలుగు తీగలు కావలెను. మొదటిది పిలుపు తీగ. "ఇప్పుడు నీతోనే మాటలాడుచున్నాను" అని తెలుపును. రెండవది తాళపు తీగ. ప్రతి అక్షరమునకు తాళము వేయును. మూడవది ప్రశ్న తీగ. నాల్గవది జవాబు తీగ. వీనికి తోడు విద్యుత్తు తీగ యొకటి, భూమి తీగ యొకటి, వెరసి ఆరు.

తరగతిలో హాజరు పిలుచుటను తలచుకొనుడు. ఉపాధ్యాయుడు పేరు పిలువవలెను, విద్యార్థి తన వంతు వచ్చినప్పుడే "ఉన్నాను" అనవలెను, ఇతరులు ఊరకుండవలెను. కార్డుతో హాజరు ఇట్లు జరుగును. మొదట యంత్రము పిలుపు తీగను వదలి, తాళమును మాత్రము 74 మార్లకు తక్కువ కాకుండ వేయును. ఇది కార్డు నిద్ర మేల్కొనుటకు. పిమ్మట సున్నా సంఖ్యగల ఆజ్ఞ నిచ్చును. కార్డు 1 అని జవాబిచ్చినచో "మేల్కొంటిని, ఇంకను సిద్ధము కాలేదు" అని యర్థము. తరువాత 8వ ఆజ్ఞతో విద్యుత్తు ఒడంబడిక జరుగును. పిదప 41వ ఆజ్ఞను కార్డు సిద్ధమగువఱకు మఱల మఱల పంపవలెను. ఇందుకు ఒక సెకను వఱకు పట్టవచ్చును. ఈ ఆరంభ సంభాషణ యంతయు నెమ్మదిగ, సెకనుకు 4 లక్షల తాళములకు మించక జరుగవలెను. పరిచయమైన పిమ్మటనే వేగము పెంచవలెను.

జవాబులను చదువుట వలననే సగము రోగము తెలియును. ఆరంభమున ఎల్లప్పుడును 255 వచ్చుచున్నచో ఎవరును పలుకుటలేదని యర్థము: కార్డు సరిగా కూర్చుండలేదు, లేదా విద్యుత్తు అందలేదు, లేదా తీగ తప్పినది. ఎల్లప్పుడును 0 వచ్చుచున్నచో జవాబు తీగ భూమికి తాకియుండవచ్చును, లేదా దానిని పైకి లాగి యుంచు నిరోధము లేకుండవచ్చును. 1 వచ్చి ఆగినచో తీగలు మంచివే. లోపము ముందు మెట్లలో నున్నది.

పరీక్షా క్రమము

వైద్యుడు ముందు నాడి చూచును గాని కత్తి చేత పట్టడు. అట్లే మనమును సులభమైనదానినుండి కష్టమైనదానికి, నష్టము లేనిదానినుండి నష్టము గలదానికి పోవలెను. ఒక్కొక్కమాఱు ఒక్కటే మార్చవలెను. రెండు మార్చినచో బాగైనను, ఏది రోగమో తెలియదు. ప్రతి మార్పును నోటుపుస్తకమున వ్రాయవలెను.

1. కంటి పరీక్ష. కార్డును తీసి మఱల నొక్కి చూడుడు. దాని బంగారు రేకులపై మరకలున్నచో మెత్తని పొడిగుడ్డతో తుడువుడు. బ్రెడ్‌బోర్డులోని తీగల నొక్కొక్కదానిని కొంచెము కదల్చి చూడుడు. సముద్రపు గాలి తగులు మన ప్రాంతమున వానకాలమందు తీగ కొనలకు చిలుము పట్టుట సాధారణము. ఎంతకాలమో నిలువవలసిన యంత్రమునకు బ్రెడ్‌బోర్డు కంటె సోల్డరు చేసిన పలక మేలు.

2. విద్యుత్తు పరీక్ష. కార్డునకు 2.7 మొదలు 3.6 వోల్టులలోపున మాత్రమే విద్యుత్తు కావలెను. బజారులో దొరకు కార్డు గూళ్లు రెండు జాతులు. ఒక జాతియందు 5 వోల్టులను 3.3కు తగ్గించు భాగము గూటిపైననే యుండును. దానికి 5 వోల్టులే ఇయ్యవలెను. తెలియక 3.3 ఇచ్చినచో, ఆ తగ్గించు భాగము తన వంతుగ ఇంచుమించు 1.1 వోల్టు తినివేయును, కార్డునకు 2.2 మాత్రమే మిగులును, అది చాలదు. రెండవ జాతియందు అట్టి భాగము లేదు. దానికి 3.3 మాత్రమే ఇయ్యవలెను. 5 ఇచ్చినచో కార్డు కాలిపోవచ్చును. కావున గూటిని ముందు తిరుగవేసి చూచి, ఏ జాతిదో తెలిసికొని, మల్టీమీటరుతో కార్డు రేకులయొద్దనే కొలువవలెను. వ్రాయునప్పుడు కార్డు ఒక్కసారిగ 100 మిల్లీ ఆంపియర్లో అంతకు మించియో లాగవచ్చును. ఆ క్షణమున వోల్టులు క్రుంగకుండ 10 మైక్రోఫారడ్ కెపాసిటరు నొకదానిని గూటి దగ్గఱనే ఉంచుట మంచిది.

3. తీగల పరీక్ష. ప్రశ్న తీగయు జవాబు తీగయు తారుమారగుట మిక్కిలి సామాన్యమైన తప్పు. పికోలో మఱియొక చిక్కు కలదు. కాలి వరుస సంఖ్య వేఱు, జీపీ అను పేరు సంఖ్య వేఱు. జీపీ 16 అనునది వరుసలో 21వ కాలు. జీపీ 19 అనునది 25వ కాలు. 16వ కాలినే జీపీ 16 అనుకొని తీగ తగిలించిన విద్యార్థులను మేము ప్రతి యేట చూచుచున్నాము. ఒకరు చదువగా మఱియొకరు వ్రేలితో చూపి సరిచూచుకొనుడు.

4. వేగపు పరీక్ష. తీగలు జానెడు పొడవున్నచో తాళము చెదరును. తీగలను 10 సెంటీమీటర్లకు తగ్గింపుడు. లేదా తాళపు వేగమును తగ్గింపుడు. వేగము తగ్గింపగా పనిచేసినచో తప్పు కార్డుది కాదు, తీగలది.

5. జాబితా పరీక్ష. ఇచటికి వచ్చువఱకు కార్డు పలుకుచున్నను ఫైళ్లు కనబడనిచో, దాని జాబితా తీరు చూడవలెను. 2 గిగాబైట్లవఱకు గల కార్డులకు ఫ్యాట్ 16, 32 వఱకు గలవానికి ఫ్యాట్ 32, అంతకు మించినవానికి ఎక్స్‌ఫ్యాట్ అనునది నియమిత పద్ధతి. చిన్న కంప్యూటరుల ప్రోగ్రాములలో పెక్కింటికి ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. కావున 64 గిగాబైట్ల కార్డును కొని "పెద్దది గదా" యని సంతోషించినవాడు చిక్కులో పడును. ఫ్యాట్ తీరులలో కార్డుయొక్క మొదటి గడిలో 512 బైట్లుండును. వానిలో చివరి రెండును 85, 170 అని యుండవలెను. అట్లున్నచో చదువుట సరిగా జరుగుచున్నదని నమ్మవచ్చును.

6. నకిలీ పరీక్ష. పైన 32 అని ముద్రించి లోపల అంతలో కొద్ది భాగమే గల కార్డులు బజారులో కలవు. అవి మొదట బాగుగనే పనిచేసి, నిండవచ్చినప్పుడు పాతదానిపై క్రొత్తది వ్రాసివేయును. క్రొత్త కార్డును కొన్న దినముననే, లెక్క యేదియు లేకమునుపే, పెద్ద కంప్యూటరులో మొదటినుండి చివరివఱకు నింపి, మఱల చదివించి సరిచూడవలెను. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనునవి ఇందులకై వెలసిన ఉచిత సాధనములు.

7. ప్రోగ్రాము పరీక్ష. ప్రతి వరుస వ్రాసిన వెంటనే ఫైలును మూయుచున్నామా? మేము మొదటి యేట చేయనిది ఇదియే. పది నిమిషముల కొకమాఱు తెఱచి, వ్రాసి, మూసినచో విద్యుత్తు పోయినను పోవునది ఒక వరుసయే.

రెండవ యేడు

రెండవ యేట ప్రోగ్రామును సరిదిద్ది, జూన్ నెలలోనే మఱల ప్రారంభించితిమి. కొట్టు యజమాని యొకనాడు, "మాస్టారూ, ఇది వ్రాసికొనుచున్నది గాని నాకేమియు చెప్పదే" అనెను. విద్యార్థులు ఒక శనివారము సాయంకాలము చిన్న తెర నొకదానిని తగిలించి, అంకెలు కనబడునట్లు చేసి వచ్చిరి. సోమవారము సాయంకాలము పోయి చూడగా తెరపై అంకెలున్నవి. కార్డుపై మాత్రము శనివారము నాలుగు గంటల పిమ్మట ఒక్క వరుసయు లేదు.

విద్యార్థులు తలకొక మాట చెప్పిరి. "కార్డు నిండియుండును" అని ఒకడు. మేము లెక్క కట్టుమంటిమి. ఒక వరుస 30 బైట్లు. దినమునకు 144 వరుసలు, అనగా 4,320 బైట్లు. సంవత్సరమునకు 15,76,800 బైట్లు. కార్డు 32 గిగాబైట్లు. నిండుటకు ఇరువది వేల యేండ్లు పట్టును! అందఱును నవ్విరి. ఆ యూహ కాగితముపైననే తీరిపోయెను. "కార్డు చచ్చినది" అని మఱియొకడు. దానిని పెద్ద కంప్యూటరులో నుంచి ముందు నకలు తీసితిమి. అన్ని ఫైళ్లును చక్కగ నుండెను. ఆ యూహయు పోయెను.

వరుసగ పరీక్షింపగా విద్యుత్తు 3.3 వోల్టులు సరిగా నున్నది. తీగలు చోటు తప్పలేదు. జవాబులు మాత్రము ఒకమాఱు 1, ఒకమాఱు 0, ఒకమాఱు అర్థము లేని సంఖ్య. అప్పుడు మేము, "యంత్రము బాగున్న దినమునకును చెడిన దినమునకును మధ్య ఏమి మారినది?" అని యడిగితిమి. "ఏమియు మారలేదు మాస్టారూ" అని అందఱును ఒక్క గొంతుతో చెప్పిరి. కొంతసేపటికి ఆ బాలిక, "తెర" అనెను.

తెరయు కార్డును అవే ప్రశ్న, జవాబు, తాళపు తీగలను పంచుకొనుచుండెను. ఇది చేయదగినదే, పిలుపు తీగ మాత్రము వేఱుగ నుండినచో చాలును. కాని కొన్ని తెరలు తమ వంతు కానప్పుడును జవాబు తీగను విడువవు. ఒకని పేరు పిలువగా ఇద్దఱు "ఉన్నాను" అన్నట్లగును. తెర జవాబు చెప్పవలసిన అవసరము మాకు లేదు గాన, దాని జవాబు తీగ నొక్కదానిని తీసివేసితిమి. కార్డు వెంటనే పలికెను.

అంతటితో ఆగలేదు. ఆ తీగను మఱల పెట్టితిమి, కార్డు మూగపోయెను. మఱల తీసితిమి, పలికెను. రోగమును తొలగించుటతోపాటు దానిని తిరిగి రప్పింపగలిగినప్పుడే కారణము తెలిసినదని చెప్పవలెను. పోయినచో పోనిమ్మని వచ్చివేసినచో అది మఱియొక దినమున తప్పక తిరిగి వచ్చును.

ఖాళీ గడులు

శనివారము నాలుగు గంటలనుండి సోమవారము నాలుగు గంటలవఱకు, అనగా 288 వరుసలు, లేకుండ పోయినవి. విజ్ఞాన ప్రదర్శనము దగ్గఱ పడినది. పటము గీయగా నడుమ పెద్ద వెలితి కనబడెను. చుఱుకైన బాలు డొకడు ముందు దినముల సగటును, వెనుక దినముల సగటును కలిపి ఆ 288 వరుసలను నింపి తెచ్చెను. పటము మిక్కిలి అందముగ నుండెను. "ఎవరికిని తెలియదు మాస్టారూ" అని వాడు చెప్పెను. వాడు చెడ్డవాడు కాడు. పని పూర్తిగ కనబడవలెనని వాని తపన. నిజము చెప్పవలెనన్న, క్షణకాలము మాకును ఆ పటమే ముచ్చటగ తోచినది.

అప్పుడా బాలిక ఇట్లనెను: "మా నాన్న ఈ లెక్కను చూచి తలుపు తెఱచును. అందులో రెండు దినములు మనము అల్లినవని ఆయనకు తెలియదు గదా. ఆ ఆదివారము రాత్రియంతయు పెద్ద వాన కురిసినది. మన సగటులో ఆ వాన ఎక్కడ?"

ఆమె చెప్పినది అక్షరాల నిజము. ముందు దినములు పొడిగ నుండెను. వెనుక దినములును పొడిగనే యుండెను. సగటు చేత నింపిన గడులలో వాన లేనే లేదు. ఆ 288 గడులను ఖాళీగనే యుంచి, ప్రక్కన "తెరయొక్క తీగ లోపము వలన కొలతలు లేవు" అని వ్రాయించితిమి. ప్రదర్శనమునందు పరీక్షకులు మొట్టమొదట ఆ వెలితినే చూపి ప్రశ్నించిరి. నింపి తెచ్చిన బాలుడే ముందుకు వచ్చి సంగతి యంతయు చెప్పెను. మాకు బహుమతి రాలేదు. అయినను ఆ దినమున వాడు నేర్చినది బహుమతికి తక్కువది కాదు.

మన పొరుగున విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతమున సొంత వ్యయముతో వేధశాలను నెలకొల్పిరి. వారి యనంతరము అల్లుడగు అంకితం వెంకట నరసింగరావు గారు దానిని నడపి, 1874 డిసెంబరులో శుక్రగ్రహము సూర్యబింబమును దాటుటను పరిశీలించి వ్రాసి యుంచిరి. ఆనాడు కార్డు లేదు. కలము, కాగితము, మేల్కొనియుండు మనుష్యుడు మాత్రమే. చూచినదానిని వ్రాయుట, చూడనిదానిని వ్రాయకుండుట ఆనాటి కలమునకు ఎట్టి ధర్మమో నేటి కార్డునకును అట్టి ధర్మమే.

తాత, తండ్రి వివాదము మాట మఱవలేదు. ఆ వానకాలమున కొట్టులో తేమ తెల్లవారుజామున ఎక్కువగను, మధ్యాహ్నము తక్కువగను ఉండినట్లు లెక్క తేల్చినది. కావున ప్రొద్దున్నే తలుపులు తెఱచుట మేలు కాదని తండ్రిగారు ఒప్పుకొని, ఎండ యెక్కిన పిమ్మట తెఱచుటకు మొదలిడిరి. తాతగారు మాత్రము, "ఇంత చిన్న మాటకు ఇంత యంత్రమెందుకు మాస్టారూ, నన్నడిగిన చాలదా?" అనిరి. వారి మాట నిజమని చూపుటకే యంత్రము కావలసివచ్చినదని మేము మనవి చేసితిమి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డ తీగలు ముందు పెట్టుకొని గంటలకొలది కూర్చుండి, యంత్రము పలుకలేదని విసుగుకొనుచున్నప్పుడు, కాలము వ్యర్థమగుచున్నదని తలంపవలదు. "ఏమి మార్చితివి? నోటుపుస్తకమున వ్రాసితివా?" అని మాత్రము అడుగుడు. చాలును.

అభ్యాసము

1. యంత్రము అయిదు నిమిషముల కొకమాఱు కొలిచి, వరుసకు 40 బైట్లు వ్రాసినచో, 2 గిగాబైట్ల కార్డు ఎన్ని యేండ్లకు నిండును?

2. ఆరంభమున కార్డునుండి ఎల్లప్పుడును 255 జవాబుగ వచ్చుచున్నది. మీరు మొదట చూడవలసిన మూడు విషయములను క్రమముగ వ్రాయుడు.

3. 5 వోల్టులను తగ్గించు భాగముగల గూటికి 3.3 వోల్టులు ఇచ్చినచో కార్డు ఏల పలుకదు? అంకెలతో చూపుడు.

4. అక్కఱగల లెక్క యున్న కార్డును పెద్ద కంప్యూటరు "ఫార్మాట్ చేయుమందురా?" అని యడిగినది. మీరు ఏమి నొక్కుదురు? పిమ్మట ఏమి చేయుదురు?

5. మీ యింట చెడిన వస్తువు నొకదానిని తీసికొని, దాని లోపమును వెదకుటకు వరుసగ ఏడు పరీక్షలను ఏర్పఱచి, నోటుపుస్తకమున వ్రాసి తెండు. బాగుచేయనక్కఱలేదు, క్రమము సరిగా నుండిన చాలును.